పెద్దపేగు క్యాన్సర్: కణం రకంపై అపోహలు – వాస్తవాలు

బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని అందులోని ఇంగ్లిషు మాటల్ని ఫోన్‌లో వెతకడం. డాక్టరును కలిసేలోపే మనిషి ఎన్నేళ్లు ఉంటాడో లెక్క తేల్చేస్తారు. ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది.

అపోహ: పెద్దపేగు క్యాన్సర్లన్నీ ఒక్కటే.

వాస్తవం: నూటికి 90కి పైగా అడినోకార్సినోమాలే, అంటే పేగు లోపలి పొరలోని గ్రంథి కణాల నుంచి పుట్టినవి. మిగతావాటి దారి వేరు. పురీషనాళంలో సెంటీమీటరు కూడా లేని కార్సినాయిడ్ కణితిని చాలామందికి ఎండోస్కోపీతోనే తీసేస్తారు. న్యూరోఎండోక్రైన్ కార్సినోమా దానికి దూరపు చుట్టమే అయినా మహా దూకుడు. రెండింటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

అపోహ: సిగ్నెట్ రింగ్ అని రాశారంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: ఈ భయంలో కొంత నిజముంది. ఈ రకం కణంలో జిగురు నిండిపోయి కేంద్రకాన్ని ఒక అంచుకు నెట్టేస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే రాయి పొదిగిన ఉంగరంలా ఉంటుంది. కణితిలో సగానికి పైగా ఇలాంటి కణాలే ఉంటే ఆ పేరు పెడతారు. పాశ్చాత్య దేశాల్లో ఇది నూటికి ఒకరిలో కనిపించే రకం. మన దేశంలో, ముఖ్యంగా చిన్న వయసువారిలో, అంతకంటే ఎక్కువగా కనిపిస్తోంది. ఈ కణాలు గడ్డకట్టి పైకి లేవకుండా పేగు గోడలోపలే పాకుతాయి, పొట్ట పొరలోకీ చేరతాయి. అందుకే ఆలస్యంగా బయటపడుతుంది. ముప్పై ఏళ్లవాడికి రక్తం పడితే మొలలేనని నెలల తరబడి లేపనాలు రాసుకోవడం ఆ ఆలస్యానికి తోడవుతుంది. ఈ రకానికున్న చెడ్డపేరులో ఈ ఆలస్యానికీ వాటా ఉంది. తొలి దశలో దొరికి, ఆపరేషన్‌తో పూర్తిగా తీసేసినవారికి ఇంటర్నెట్ చెప్పే సగటు వర్తించదు.

అపోహ: కణాలు ఎంత వికారంగా మారితే అంత ప్రమాదం.

వాస్తవం: మామూలుగా అంతే. కానీ ఈ సూత్రం తప్పేచోటే అసలు విషయముంది. మెడులరీ రకం కణాలను చూస్తే ఎవరికైనా దడ పుడుతుంది. పేగు కణం పోలికే ఉండదు. అయినా ఆ రోగులు చాలామంది బాగానే కోలుకుంటారు. ఆ కణాల్లో సాధారణంగా డీఎన్ఏ తప్పుల్ని దిద్దే ప్రొటీన్లలో కొన్ని ఉండవు. దాంతో తప్పులు వేలల్లో పేరుకుంటాయి. ఆ తప్పుల వల్లే రోగనిరోధక కణాలు కణితిని పరాయిదని గుర్తుపట్టి చుట్టుముడతాయి.

మొత్తం పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతంలో ఈ లోపం ఉంటుంది. జిగురు ఎక్కువగా ఉండే మ్యూసినస్ రకంలో మరింత ఎక్కువ. రెండో స్టేజిలో ఈ లోపమున్నవారికి జబ్బు తిరగబెట్టడం తక్కువ, 5-ఎఫ్‌యూ కీమో ఒక్కటే ఇస్తే లాభమూ ఉండదు. 2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యులు ఇదే లోపమున్న 12 మంది పురీషనాళ క్యాన్సర్ రోగులకు డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇస్తే అందరిలోనూ కణితి కనిపించకుండా పోయింది. కత్తి పెట్టలేదు, రేడియేషన్ ఇవ్వలేదు. ఆ వార్త మన దగ్గర ‘క్యాన్సర్‌కు మందు దొరికింది’ అని చక్కర్లు కొట్టింది. లోపం లేని మిగతా 85 శాతం మందికి అలాంటి ఫలితం రాదన్న ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

అపోహ: రకం తెలిస్తే స్టేజితో పనిలేదు.

వాస్తవం: ముందు స్టేజి, తర్వాతే రకం. అందుకే స్టేజి సరిగ్గా తేల్చడానికి ఆపరేషన్‌లో తీసిన ముక్కలో కనీసం 12 లింఫ్ గ్రంథులైనా వెతికి చూడాలంటారు.

డీఎన్ఏ తప్పుల్ని దిద్దే ప్రొటీన్ల లోపాన్ని పట్టే పరీక్షను ఎంఎంఆర్ అంటారు. రిపోర్టులో దాని ఫలితం లేకపోతే ఆంకాలజిస్టును అడగండి. అలాంటి నాలుగు ప్రొటీన్లు ఉన్నాయో లేవో రంగులు వేసి చూసే పరీక్ష అది. ఏదైనా లేదని తేలితే కొన్ని కుటుంబాల్లో అది వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్ కావచ్చు. అది నిర్ధారణైతే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పిల్లలకూ జన్యు పరీక్ష, అవసరమైతే కొలనోస్కోపీ చేయించాలి. ఎంఎంఆర్ పరీక్ష కోసం మళ్లీ ముక్క తీయాల్సిన పని సాధారణంగా ఉండదు. మొదట తీసిన ముక్కనే ల్యాబ్‌లో మైనంలో బిగించి బ్లాకుగా దాచి ఉంచుతారు.