పాత భోషాణమును ఎంతవరకు బాగుచేయవలెను?

అనంతపురము పీఠభూమిలోని పాత ఇండ్లలో టేకు భోషాణములు ఇంకను కనిపించును. మూతపై బీటను, కాళ్ళకు పట్టిన చెదను, మాసిన మెరుగును చూచి యజమాని దానిని సరిక్రొత్తదానివలె చేయింపదలచును. అంతయు చేయింపవలెనా, కొంత విడువవలెనా అనునది కొయ్య స్వభావమునుబట్టి నిర్ణయింపవలసిన విషయము.

కొయ్య గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బును. గాలి పొడిబారినచో తేమను విడిచి కుంచించుకొనును. గాలిలో సాపేక్ష తేమ 30 శాతమున్నపుడు కొయ్యలో దాని పొడి బరువుకు సుమారు 6 శాతము, 65 శాతమున్నపుడు సుమారు 12 శాతము నీరు నిలుచును. ఇంత మార్పుకు 40 సెంటీమీటర్ల టేకు పలక, కోసిన తీరునుబట్టి, వెడల్పులో 2 నుండి 5 మిల్లీమీటర్లు మారవచ్చును. పొడవులో మార్పు దాదాపు ఉండదు.

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే పడు ఈ ప్రాంతమున వేసవి గాలి మిక్కిలి పొడిది. మే నెలలో విచ్చుకొన్న బీట సెప్టెంబరు వానలకు కొంత మూసుకొనవచ్చును. వేసవిలోనే దానిని గట్టి లప్పముతో నింపినచో, ఉబ్బిన పలకకు చోటు చాలక లప్పము ఊడును, లేదా పలకయే మరొకచోట చీలును. కనుక బీటకు ఇరువైపుల రెండు పెన్సిలు గీతలు గీచి, వాని మధ్య దూరమును ఒక ఏడాది నెలనెలా కొలువవలెను. ఈ పని విద్యార్థులును చేయవచ్చును. దూరము ఋతువులతో మారుచున్నచో బీటను అట్లే విడుచుట మేలు.

చెద విషయము వేరు. అది దానంతట ఆగదు. భోషాణమును తేమ నేలకు తగులకుండ రాళ్ళపై ఎత్తి, చెదను నిర్మూలింపవలెను. బరువు మోయలేని కాలినే మార్చవలెను. ఊడిన అతుకులకు సరేసు తగినది. అది వేడినీటికి మెత్తబడును గనుక తరువాతి వడ్రంగి అతుకును విప్పగలడు. గట్టిపడిన ఎపాక్సీ జిగురు అట్లు విడువదు.

మెరుగు మాసినదని గరుకు కాగితముతో రుద్దరాదు. వెలుతురు, గాలి ఎన్నో ఏండ్లలో తెచ్చిన రంగు, పనివాని చిత్రిక గుర్తులు కొయ్య పైపొరలోనే ఉండును. ఆ పొర పోయినచో తిరిగి రాదు. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన చాలును.

పాత కట్టడముల విషయమై 1964లో వెనిస్‌లో ఆమోదించిన నియమావళి, ఊహ మొదలగుచోట పునరుద్ధరణ ఆగవలెనని చెప్పినది. భోషాణమునకును ఇది వర్తించును. పోయిన ఇత్తడి బిళ్ళకు జత బిళ్ళ మిగిలియున్నచో దానినిబట్టి క్రొత్తది చేయింపవచ్చును. ఆధారమేమియు లేనిచో ఆ చోటును ఖాళీగానే ఉంచవలెను.