పలువరుస చక్కబడుట యెట్లు?

నవ్వు వచ్చినపుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొను బాలబాలికలు ప్రతి తరగతియందును ఒకరిద్దరుందురు. ఎత్తుపళ్ళో, వంకరపళ్ళో దానికి కారణము.

దంతము గోడలో దిగగొట్టిన మేకువలె దవడ యెముకలో బిగిసియుండునని పెక్కుమంది తలంతురు. అది నిజము కాదు. దంతమూలమునకును ఎముకకును నడుమ సన్నని నారపొర యొకటి కలదు. వైద్యుడు దంతములపై చిన్న బిళ్ళల నతికించి, వానిమీదుగా తీగను బిగించును. తీగ దంతమును మెల్లగా నెట్టును. ఒత్తిడి తగిలిన వైపున ఎముక కరగును. రెండవ వైపున క్రొత్త యెముక పుట్టి ఖాళీని పూడ్చును. ఇట్లు దంతము నెలకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే జరుగును. తొందరపడి బలముగా లాగినచో దంతమూలమే అరిగి కురుచయగు ప్రమాదము కలదు. కావుననే ఈ చికిత్సకు ఏడాది మొదలు రెండేండ్లకు పైగా పట్టుచుండును.

ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియేర్ ఫోషార్ 1728లోనే, లోహపు పట్టీకి దంతములను దారముతో కట్టి సరిచేయు విధానమును తన గ్రంథమున వర్ణించెను. నేడు తీగకు మారుగా, పైకి అంతగా కానరాని ప్లాస్టిక్ తొడుగులును వచ్చినవి. అన్ని వంకరలకును అవి చాలవు.

ఇది యంతయు అందము కొరకేనా యని పెద్దలు గొణుగుట కలదు. ఎత్తుపళ్ళు లోనికి జరిగినచో పెదవులు కలిసి ముఖమునకు పొందిక వచ్చుట నిజమే. కాని ఇరుకు సందులలో నిలిచిన ఆహారము దంతములను పుచ్చజేయుటయు అంతే నిజము.

తీగ తీసిన నాడే పని ముగిసెనని సంతసించువారు మోసపోదురు. క్రొత్త యెముక గట్టిపడువరకును నారపొర దంతమును పాతచోటికే లాగుచుండును. అందుచే రిటెయినరు అను పట్టీని వైద్యుడు చెప్పినంతకాలము ధరింపవలెను. దానిని పెట్టెలో పెట్టి మరచినవారి పలువరుస కొన్ని నెలలకే మరల వంకరపోవుచుండును.