ఎస్.జి.పి.టి. చెప్పేదీ, చెప్పనిదీ

రక్తపరీక్ష కాగితం మీద ఎస్.జి.పి.టి. అన్న అక్షరాల కెదురుగా అంకె కొంచెం హెచ్చుగా కనబడితే ఇల్లంతా కంగారు పడుతుంది. అంకె దిగగానే గండం గడిచిందనుకొంటారు. రెండూ తొందరపాటే. అసలు ఆ అంకె దేనిని కొలుస్తున్నది?

ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అనేవి కాలేయ కణాలలో నిత్యమూ పనిచేసే రెండు ఎంజైములు. ఇప్పుడు వీటినే ఎ.ఎల్.టి., ఎ.ఎస్.టి. అంటున్నారు. కణం దెబ్బతిన్నప్పుడు ఇవి రక్తంలోకి కారుతాయి. 1955 ప్రాంతాన న్యూయార్కులో కార్మెన్, వ్రోబ్లెవ్‌స్కీ, లడ్యూ అనే వైద్యులూ, ఇటలీలోని నేపుల్సులో డి రిటిస్ అనే ఆయనా ఈ కారుడును కొలిచి, కాలేయవ్యాధికి గుర్తుగా చూపారు. అంటే ఇవి గోడ కూలిన యింటినుంచి వీధిన పడ్డ సామానువంటివి. గోడను కూల్చినవి కావు.

కూల్చేవి కూడా ఎంజైములే. అయితే అవి వేరు. కాలేయంలో కుప్ఫర్ కణాలని కాపలా కణాలున్నవి. కొవ్వు పేరుకొన్నా, మద్యం పడినా, వైరస్ చొరబడినా ఇవి రేగుతాయి. వాటిలోని కాస్పేజ్-1 అనే ఎంజైము, ఊరక పడివున్న ఒక మాంసకృత్తును కత్తిరించి, ఇంటర్‌ల్యూకిన్-1 అనే కబురుగా మార్చి పంపుతుంది. ఆ కబురందుకొని తెల్లకణాలు గుంపుగా వస్తాయి. వాటి వెంట మైలోపెరాక్సిడేజు అనే మరో ఎంజైము. అది తయారుచేసేది హైపోక్లోరస్ ఆమ్లం. మునిసిపాలిటీవారు కుళాయి నీళ్ళలో క్లోరిన్ కలిపినప్పుడు క్రిములను చంపేదీ సరిగ్గా అదే! క్రిములమీద పోయవలసిన మందు పక్కనున్న మన కణాలనూ కాలుస్తుంది. దీనినే వైద్యులు శోథ అంటారు.

కొద్దికాలమే అయితే కాలేయం కోలుకొంటుంది. తిరిగి పెరిగే శక్తి దానికి మెండు. ఏళ్ళ తరబడి సాగితేనే చిక్కు. నక్షత్ర కణాలనేవి మేలుకొని కొల్లాజెన్ అనే పీచును అల్లుతాయి. లైసిల్ ఆక్సిడేజు అనే ఎంజైము ఆ పోగులను ఒకదాని కొకటి ముడివేసి బిగిస్తుంది. అది ముదిరితే సిర్రోసిస్. ఆ దశలో ఎస్.జి.పి.టి. మామూలుగానే ఉండవచ్చును. అంకె బాగున్నదని నిశ్చింతగా ఉండి, కడుపులో నీరు చేరాక డాక్టరును వెదికేవారున్నారు.

అందుచేత డాక్టర్లు ఫిబ్-4 అనే లెక్క కడుతున్నారు. వయస్సును ఎస్.జి.ఓ.టి.తో హెచ్చవేయాలి. ప్లేట్‌లెట్లను వేలలో తీసుకొని ఎస్.జి.పి.టి. వర్గమూలంతో హెచ్చవేయాలి. మొదటిదానిని రెండవదానితో భాగించాలి. 60 ఏళ్ళ మనిషికి ఎస్.జి.ఓ.టి. 45, ఎస్.జి.పి.టి. 36, ప్లేట్‌లెట్లు లక్షన్నర అనుకొందాం. 2,700ను 900తో భాగిస్తే 3. ఇది 1.3 లోపయితే పీచు ముదిరి ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఫైబ్రోస్కాన్ వంటి పరీక్షతో కాలేయపు గట్టిదనం చూడవలసిందే. 36 అన్న అంకెను చూసి ఎవరయినా కంగారు పడతారా?

పసరుల మాట కూడా ఒకటి చెప్పాలి. కామెర్లకు మనం వాడే నేల ఉసిరి తమిళులకు కీళానెల్లి, కన్నడిగులకు నెలనెల్లి. హెపటైటిస్-బి వైరస్ మోసేవారికి దానివలన మేలు కలిగిందని 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. తరువాత ఇతరచోట్ల జరిపిన పరీక్షలలో అది నిలబడలేదు. నీళ్ళవలన వచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో తనంతట తానే తగ్గుతుంది. అంకె కూడా తనంతట తానే దిగుతుంది. ఆ వారాలలో ఏది తాగితే దానికే పేరు!

మరి చెరుపుచేసే ఎంజైములను మందుతో ఆపలేమా? కాస్పేజుల కోసం ఎమ్రికసాన్, లైసిల్ ఆక్సిడేజు జాతిలో ఒకదాని కోసం సిమ్టుజుమాబ్ తయారుచేశారు. రోగులమీద జరిపిన పరీక్షలలో రెండూ ఆశించిన మేలు చేయలేదు. అయితే పీచును కరిగించే ఎంజైములు కాలేయంలోనే ఉన్నవి. మెటలోప్రోటినేజులని వాటి పేరు. శోథ సాగినంతకాలమూ వాటి నోరు నొక్కే మాంసకృత్తులు పుడుతూనే ఉంటాయి. మద్యం మానినా, బి వైరస్సును మందులతో అదుపులో పెట్టినా, కొవ్వు కాలేయమున్నవారు ఒళ్ళు తగ్గించినా ఆ నొక్కుడు సడలుతుంది. అప్పుడు ఏళ్ళమీద మచ్చ కొంత కరుగుతుంది. కొందరిలో సిర్రోసిస్ సైతం వెనుకకు తగ్గినట్లు కాలేయపు ముక్క తీసి చూసిన పరీక్షలలో కనబడింది.