మూగబోయిన వీ: చెరిగిన సిస్టమ్ ఫైళ్ల పునరుద్ధరణ

తయారీదారు అనుమతించిన ప్రోగ్రాములను మాత్రమే కాక యజమాని తాను కోరుకున్న ప్రోగ్రాములను కూడా నడిపేలా మార్చుకున్న గేమ్ కన్సోల్‌ను మోడిఫైడ్ కన్సోల్ అంటారు. ఈ మార్పుతో యజమానికి యంత్రంలోని నిల్వలో ఏ మూలకైనా వెళ్లగలిగే అధికారం వస్తుంది. తయారీదారు ఎవరికీ అందకుండా దాచిన సిస్టమ్ ఫైళ్లను, అంటే యంత్రం తనంతట తాను లేచి నిలబడడానికి అవసరమైన ఫైళ్లను, పొరపాటున చెరిపివేసే ప్రమాదం కూడా ఆ అధికారంతో పాటే వస్తుంది. అలా చెరిపిన తరువాత తెరపై ఏమీ కనబడకుండా ఉండిపోయిన యంత్రాన్ని ఔత్సాహికులు బ్రిక్ అయిందంటారు. ఆ స్థితి నుంచి యంత్రాన్ని తిరిగి లేపడం సాధ్యమా, అసాధ్యమా అన్నది చెరిగిన ఫైలు ఏ పొరలో ఉంది, దానికన్నా కింది పొరల్లో యజమాని చెయ్యి ఎంతవరకు ఆనుతుంది అన్న రెండు విషయాల మీదే ఆధారపడుతుంది. దీన్ని నింటెండో సంస్థ 2006 నవంబరులో అమెరికాలో విడుదల చేసిన వీ కన్సోల్‌లో చూసినంత స్పష్టంగా మరెక్కడా చూడలేము. ప్రపంచమంతటా 10 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఆ యంత్రం లోపలి నిర్మాణాన్ని ఔత్సాహికులు దాదాపు పూర్తిగా విప్పి చూడగలిగారు.

వీలో ఆటలను నడిపేది ఐబీఎం రూపొందించిన బ్రాడ్‌వే అనే ప్రాసెసర్. కానీ యంత్రాన్ని ఆన్ చేయగానే ముందుగా మేల్కొనేది అది కాదు. బొమ్మలను గీసే హాలీవుడ్ అనే చిప్ లోపల మరో చిన్న ప్రాసెసర్ ఉంది, దానికి ఔత్సాహికులు పెట్టిన పేరు స్టార్‌లెట్. భద్రత, నిల్వ, ఎస్‌డీ కార్డు, యూఎస్‌బీ, వైర్‌లెస్ వంటి వ్యవహారాలన్నీ దాని చేతిలోనే ఉంటాయి. సిస్టమ్ ఫైళ్లు, ఆటల్లో సాధించిన ప్రగతిని దాచే సేవ్ ఫైళ్లు, కొనుక్కున్న చానళ్లు అన్నీ 512 మెగాబైట్ల నాండ్ ఫ్లాష్ చిప్‌లో ఉంటాయి. కరెంటు పోయినా చెరగని ఈ నిల్వ 128 కిలోబైట్ల చొప్పున 4,096 బ్లాకులుగా విభజించి ఉంటుంది.

యంత్రం మేల్కొనే క్రమం ఇలా సాగుతుంది. చిప్ తయారైనప్పుడే అందులో ముద్రితమై, ఇక ఎవరూ మార్చలేని బూట్ 0 అనే చిన్న ప్రోగ్రాము మొదట నడుస్తుంది. అది నాండ్‌లోని మొట్టమొదటి బ్లాకు నుంచి బూట్ 1ను చదివి, దాని హ్యాష్‌ను, అంటే ఫైలులోని ఒక్క అక్షరం మారినా తానూ మారిపోయే సంక్షిప్త గుర్తును, లెక్కిస్తుంది. ఆ ఫలితం కర్మాగారంలో ఒక్కసారి రాసి శాశ్వతంగా మూసివేసిన ఓటీపీ అనే స్థలంలోని విలువతో సరిపోతేనే బూట్ 1కు అధికారం అప్పగిస్తుంది. బూట్ 1 ఆ తరువాతి బ్లాకులలోని బూట్ 2పై నింటెండో వేసిన డిజిటల్ సంతకాన్ని పరీక్షించి దాన్ని నడుపుతుంది. బూట్ 2 సిస్టమ్ మెనూకు కావలసిన ఐఓఎస్‌ను లేపుతుంది. ఆ ఐఓఎస్ బ్రాడ్‌వేను మేల్కొలిపి మెనూను తెరపైకి తెస్తుంది. ఏ మెట్టు వద్ద ఆగిపోయినా యంత్రం ఆ పైకి వెళ్లలేదు.

ఆపిల్ ఫోన్లలోని వ్యవస్థకూ ఈ ఐఓఎస్‌కూ ఏ సంబంధమూ లేదు. ఇది స్టార్‌లెట్‌పై నడిచే వీ సొంత వ్యవస్థ. ఒక్కో ఆటకు అది తయారైననాటి ఐఓఎస్ కూర్పే కావాలి కనుక, నాండ్‌లో దీని కూర్పులు అనేకం వేర్వేరు సంఖ్యలతో పక్కపక్కనే ఉంటాయి. సిస్టమ్ మెనూ కూడా వాటిలో ఒక నిర్దిష్టమైన సంఖ్య మీదే ఆధారపడుతుంది. 2010లో వచ్చిన 4.3 మెనూకు కావలసినది ఐఓఎస్ 80, అంతకు ముందున్న 4.2 మెనూకు ఐఓఎస్ 70. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. నిల్వలో ఖాళీ చేసుకోవాలనో, పాత మార్పుల ఆనవాళ్లు తుడిచెయ్యాలనో డిలీట్ ప్రోగ్రాము తెరిచిన వ్యక్తికి అక్కడ కనిపించేది పేర్లు లేని సంఖ్యల వరుస మాత్రమే, అందులో ప్రాణాధారమైనది ఏదో గుర్తుపట్టే సూచన సాధారణంగా ఉండదు. మెనూ వాడని ఐఓఎస్‌ను తీసేస్తే ఏదో ఒక ఆట ఆగిపోవచ్చు. మెనూ ఆధారపడిన ఐఓఎస్‌ను తీసేస్తే మాత్రం ఆ తరువాత ఆన్ చేసినప్పుడు నల్లటి తెర తప్ప మరేమీ రాదు.

అయితే చెరిపిన మరుక్షణమే యంత్రం ఆగిపోదని గుర్తించడం చాలా ముఖ్యం. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాము, దానికి ఆధారంగా ఉన్న ఐఓఎస్ మెమరీలో సజీవంగానే ఉంటాయి. పొరపాటు అప్పుడే స్పృహకు వచ్చిన వ్యక్తి యంత్రాన్ని ఆఫ్ చేయకుండా, రీసెట్ నొక్కకుండా, హోమ్‌బ్రూ చానల్‌కు, అంటే యజమాని సొంత ప్రోగ్రాములను నడిపే చానల్‌కు, తిరిగి వెళ్లి, చెరిగిన ఫైలును అదే ప్రాంతానికి చెందిన అదే కూర్పుతో మళ్లీ ఇన్‌స్టాల్ చేయగలిగితే ప్రమాదం అక్కడితోనే తప్పిపోతుంది. ప్రాంతం అన్న మాటను ఇక్కడ తేలికగా తీసుకోకూడదు, ఎందుకంటే జపాన్, అమెరికా, ఐరోపా, కొరియా యంత్రాలకు మెనూలు వేరువేరు, ఒకదాని ఫైలు మరొకదానిలో వేయడమే సగం బ్రిక్ అనే మరో జబ్బుకు మూలం. కంగారులో ఆఫ్ చేసి ఆన్ చేయడం మనిషికి అలవాటైన మొదటి చర్య. వీ విషయంలో అత్యంత ఖరీదైన చర్య కూడా అదే.

యంత్రం ఆఫ్ అయిన తరువాతి సంగతి మరోలా ఉంటుంది. మెనూ చెక్కుచెదరకుండా ఉండి, పాడైన ఒక చానల్ బొమ్మను చూపబోయి ఆగిపోతున్నట్లయితే, ఆరోగ్య హెచ్చరిక తెర వద్ద వీ రిమోట్ మీది ప్లస్, మైనస్ బటన్లను కలిపి నొక్కితే నింటెండో తానే మరమ్మతుల కోసం పెట్టుకున్న మెయింటెనెన్స్ స్థితి తెరుచుకుంటుంది, కొన్ని సందర్భాలలో అదే చాలు. 2019లో వెలువడిన బ్లూబాంబ్ అనే పద్ధతి బ్లూటూత్ భాగంలోని లోపం ద్వారా కంప్యూటర్ నుంచి లోపలికి ప్రవేశిస్తుంది కనుక, ఎస్‌డీ కార్డు గూడు లేని వీ మినీకి కూడా ఉపయోగపడింది. కానీ దానికి కూడా మెనూ నడుస్తూ ఉండాలి. ముందుజాగ్రత్తగా ప్రీలోడర్ అనే ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసుకున్నవారు రీసెట్ బటన్ నొక్కిపట్టి యంత్రాన్ని ఆన్ చేస్తే, మెనూ కన్నా ముందు ప్రీలోడర్ తెర వస్తుంది. అక్కడి నుంచి హోమ్‌బ్రూ చానల్‌కు చేరవచ్చు. ప్రీలోడర్ అన్ని ప్రమాదాల నుంచీ కాపాడుతుందని చాలామంది నమ్ముతారు, ఆ నమ్మకం సరికాదు. అది మెనూ స్థానంలోనే కూర్చుని, మెనూకు ఆధారమైన ఐఓఎస్ సాయంతోనే లేస్తుంది, అందువల్ల ఆ ఐఓఎస్ చెరిగితే మెనూతో పాటు అదీ లేవలేదు.

అప్పుడు మిగిలేది ఇంకా కింద ఉన్న బూట్ 2. అక్కడ చోటు సంపాదించిన ప్రోగ్రామే బూట్‌మీ, దాని కథను కొంత వివరంగా చెప్పుకోవాలి. టీమ్ ట్వీజర్స్ అనే ఔత్సాహికుల బృందం వీ పాత గేమ్‌క్యూబ్ ఆటలను నడిపే స్థితిలో ఉన్నప్పుడు మదర్‌బోర్డుపై అడ్రస్ గీతలను పట్టకారుతో కలిపి, కనబడకూడని మెమరీ భాగాలను చదివి, యంత్రం రహస్య కీలను బయటకు తీసింది. ఆ తరువాత సంతకాలను పరీక్షించే ప్రోగ్రాములో ఒక విచిత్రమైన తప్పు బయటపడింది. 20 బైట్ల హ్యాష్‌లను సరిపోల్చడానికి నింటెండో ప్రోగ్రామర్లు పదాలను సరిపోల్చే ఫంక్షన్‌ను వాడారు, అది సున్నా విలువ గల బైటు కనబడగానే పదం ముగిసిందనుకుని ఆగిపోతుంది. అందువల్ల సంతకంలో అన్నీ సున్నాలు నింపి, ఫైలులో అక్కరలేని చోట కొన్ని బైట్లను మారుస్తూ దాని హ్యాష్‌లో మొదటి బైటు సున్నా వచ్చేదాకా ప్రయత్నిస్తే, సగటున 256 ప్రయత్నాలలో ఒకటి ఫలిస్తుంది. ఆ ఫైలును యంత్రం నింటెండో సంతకం చేసినదిగానే స్వీకరిస్తుంది. ఇదే తప్పు బూట్ 1లోనూ ఉంది. ఐఓఎస్‌లలోని తప్పును అప్‌డేట్లతో సరిదిద్దవచ్చు, కానీ బూట్ 1 హ్యాష్ ఓటీపీలో శాశ్వతంగా నిలిచిపోయింది కనుక, అప్పటికే అమ్ముడుపోయిన యంత్రాలలో బూట్ 1ను నింటెండో కూడా మార్చలేకపోయింది. దాన్ని సరిదిద్ది తయారుచేసిన తరువాతి యంత్రాలలో మాత్రమే ఆ దారి మూసుకుపోయింది.

2009లో వెలువడిన బూట్‌మీ అందువల్లే రెండు రకాలుగా ఇన్‌స్టాల్ అవుతుంది. పాత యంత్రాలలో అది బూట్ 2 స్థానంలోనే ఉండి, ఎస్‌డీ కార్డులో దాని ఫైళ్లు ఉంటే మిగిలిన వ్యవస్థ కన్నా ముందే లేస్తుంది. పైన మెనూ, ఐఓఎస్‌లు అన్నీ చెరిగిపోయినా దానికి లెక్క లేదు. కొత్త యంత్రాలలో అది ఒక ఐఓఎస్ రూపంలో మాత్రమే ఉంటుంది కనుక, హోమ్‌బ్రూ చానల్ ద్వారానో, ప్రీలోడర్ ద్వారానో పిలిస్తే తప్ప పలకదు, నల్లటి తెర వచ్చిన రోజున అక్కరకు రాదు. బ్లూటూత్ వ్యవస్థ ఇంకా లేవని దశలో నడుస్తుంది కనుక బూట్‌మీకి వీ రిమోట్ పనికిరాదు. గేమ్‌క్యూబ్ కంట్రోలరో, యంత్రం ముందున్న బటన్లో వాడాలి. నాండ్ మొత్తాన్ని ఎస్‌డీ కార్డులోకి బ్యాకప్ తీయడం, అవసరమైనప్పుడు దాన్నే తిరిగి నాండ్‌లోకి రాయడం దాని ముఖ్యమైన పని. తిరిగి రాసేటప్పుడు మధ్యలో కరెంటు పోకూడదు. బ్యాకప్ తీసిన తేదీ తరువాత ఆడిన ఆటల సేవ్ ఫైళ్లు ఈ ప్రక్రియలో పోతాయి, దానికి యజమాని సిద్ధపడాలి.

ఇక్కడ తరచూ ఎదురయ్యే ప్రశ్న, మరొకరి యంత్రం నుంచి తీసిన బ్యాకప్‌ను వాడవచ్చా అన్నది. వాడకూడదు. ప్రతి వీలోనూ ఓటీపీలో ఆ యంత్రానికే చెందిన కీలు ఉంటాయి, నాండ్‌లోని ఫైళ్లన్నీ ఆ కీలతోనే గూఢలిపిలో దాగి ఉంటాయి. పొరుగు యంత్రం బ్యాకప్‌ను రాస్తే ఈ యంత్రం దానిలో ఒక్క ఫైలునూ చదవలేదు. బూట్‌మీ బ్యాకప్ తీసేటప్పుడు నాండ్ ప్రతితో పాటు 1,024 బైట్ల చిన్న కీల ఫైలును కూడా కార్డుపై ఉంచుతుంది. పరిమాణంలో అతి చిన్నదైన ఆ ఫైలు విలువ మాత్రం చాలా పెద్దది.

బూట్ 2లో బూట్‌మీ లేని యంత్రం పూర్తిగా మూగబోతే, మిగిలిన మార్గం యంత్రాన్ని విప్పి నాండ్ చిప్ కాళ్లకు సన్నని తీగలు టంకం వేసి, లేదా చిప్‌నే ఊడదీసి, ప్రోగ్రామర్ అనే పరికరంతో బయటి నుంచి నేరుగా రాయడం. చెయ్యి తిరిగిన ఎలక్ట్రానిక్స్ మరమ్మతుదారు మాత్రమే చేయదగిన పని ఇది. దీనికైనా ఆ యంత్రం సొంత బ్యాకప్ ఉండాలి, లేదా చిప్ నుంచి చదివిన ప్రతిలో తప్పిపోయిన ఫైలును చేర్చడానికి దాని కీలు ఉండాలి. బూట్ 1 సరిదిద్దిన యంత్రంలో ఈ రెండూ లేకపోతే దారి దాదాపు మూసుకుపోయినట్టే, ఎందుకంటే కీలు హాలీవుడ్ చిప్ లోపల ఉన్నాయే తప్ప నాండ్‌లో లేవు.

ఇతర కన్సోళ్లలోనూ పరిస్థితి ఈ తీరుగానే ఉంటుంది. సోనీ పీఎస్‌పీకి 2007లో బయటపడిన పాండోరా బ్యాటరీ, సంస్థ సర్వీసు కేంద్రాల కోసం మదర్‌బోర్డులో ఉంచిన ప్రత్యేక స్థితిని మేల్కొలిపి మెమరీ స్టిక్ నుంచి యంత్రాన్ని లేపేది. నింటెండో 3డీఎస్‌కు 2017లో వచ్చిన ఎన్‌టీఆర్‌బూట్ పద్ధతి నిల్వ మొత్తం పాడైనా ప్రత్యేకంగా రాసిన ఒక డీఎస్ కార్ట్రిడ్జ్ నుంచి యంత్రాన్ని మొదలుపెట్టగలుగుతుంది. రెండింటిలోనూ మార్గం దొరికింది చెరిగిన నిల్వకు కింద, చిప్‌లోనే ఉన్న బూట్ ప్రోగ్రాములో.

నింటెండో 2020లో జపాన్‌లో వీ మరమ్మతులను ఆపివేసింది. అంతకు ముందు ఏడాది జనవరిలో వీ షాప్ చానల్ కూడా మూతపడింది. ఆ చానల్‌లో ఇక కొత్తగా ఆటలు కొనే వీలు లేదు, అంతకు ముందు కొన్న ఆటలు ఎన్నో ఇళ్లలో నాండ్‌లోనే ఉన్నాయి. అందుకే మార్పు చేసిన వీ ఉన్నవారు డిలీట్ ప్రోగ్రాము తెరవకముందే నాండ్ బ్యాకప్ తీసి, దానితో పాటు కీల ఫైలు కూడా వచ్చిందో లేదో చూసుకుని, రెండింటినీ ఎస్‌డీ కార్డులోనే వదిలేయకుండా కంప్యూటర్‌లోనూ మరొక డిస్కులోనూ యంత్రం సీరియల్ నంబరు పేరుతో దాచుకోవాలి. ఇంట్లో రెండు యంత్రాలు ఉన్నవారికి ఆ నంబరు మరింత అవసరం, ఎందుకంటే పేర్లు తారుమారైన రెండు నాండ్ ప్రతులలో ఏది ఏ యంత్రానిదో పైకి చూసి చెప్పడం కుదరదు.