నెత్తికి వేసిన మాత్ర, లోపలికి పోయిన దిగులు

మా గుర్రంకొండ నుంచి బెంగళూరుకు ఉద్యోగానికి పోయిన పిల్లోళ్ళందరిదీ ఒకటే పాట: "ఆ బోరు నీళ్ళకే జుట్టు రాలిపోతాండాది." పాపం, నీళ్ళనెందుకు ఆడిపోసుకుంటారు నాయనా? నుదురు పైకి పాకి నడినెత్తి పలచబడిందంటే అది చాలామటుకు తాతల నుంచి వచ్చిన ఆస్తి. తిరుమలలో గుండు కొట్టించుకుంటే ఒత్తుగా మొలుస్తుందనేదీ వట్టి మాటే. కత్తి కుదురు దాకా పోదు కదా.

డాక్టరు ఫినాస్టరైడ్ రాసినాడనుకో. జుట్టుకైతే 1 మిల్లీగ్రాము. నాబోటి ముసలోళ్ళకు ప్రోస్టేటు వాపుకు 5. అమెరికాలో 1992లో మా జబ్బుకు అనుమతి వస్తే, మీ జుట్టుకు వచ్చింది 1997లో. అది చేసేదల్లా 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమును ఆపడం. ఆ ఎంజైము టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీగా మారుస్తుంది. బట్టతల రాసిపెట్టి ఉన్నోళ్ళకు ఆ డీహెచ్‌టీయే కుదుళ్ళను ఏటికేడు సన్నం చేస్తుంది.

అయితే ఆ ఎంజైముకు నెత్తితో ఒక్కదానితోనే పని కాదు. మెదడును నెమ్మదిగా ఉంచే అల్లోప్రెగ్నానలోన్ అనే పదార్థం తయారు కావడానికీ అది కావాల. బాలింతల దిగులుకు 2019లో అమెరికాలో అనుమతించిన మందు ఈ పదార్థమే. రాగులు వద్దని మిల్లుకు తాళమేస్తే జొన్నలూ ఆడవు గదా!

ఆగు, అంత తేలిగ్గా తీర్పు చెప్పలేం. ఆ ఎంజైములో రకాలున్నాయి. ఫినాస్టరైడ్ ముఖ్యంగా రెండో రకాన్ని ఆపుతుంది, మెదడులో ఒకటో రకం ఎక్కువ. అందుకే వాదన ఇంకా తెగలేదు. మతిమరుపు, ఏకాగ్రత తప్పడం గురించి చెప్పినోళ్ళున్నారు గానీ రుజువు పలచన. మనసు సంగతి మాత్రం అధికారులే ఒప్పుకున్నారు: అమెరికాలో మందు కాగితంలో 2011లో దిగులు, 2022లో ఆత్మహత్య ఆలోచనలు చేర్చినారు. 2025లో యూరప్ మందుల సంస్థ కూడా ఆత్మహత్య ఆలోచనలను దుష్ఫలితంగా నిర్ధారించింది. వాళ్ళకు అందిన కేసులు 300 పైచిలుకు, ఎక్కువ జుట్టు మాత్ర వాడినోళ్ళవే. ఒకరు ఒక ఏడాది వాడితే ఒకటని లెక్కేస్తే ఆ మందు వాడకం 27 కోట్ల దాకా ఉంది. అంటే అరుదే. కానీ మనసు కుంగినోళ్ళందరూ పోయి రాయించుకోరు కదా.

ఒంటికిచ్చిన మందుకు మనసుతో ఏం పని అంటావా? మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రిగా మొదలై నూరేళ్ళు దాటిన ఆస్పత్రి ఉంది కాబట్టి మనోళ్ళకు ఈ ముచ్చట నచ్చుతుంది: 1952లో న్యూయార్క్ సీ వ్యూ ఆస్పత్రిలో క్షయకు ఐప్రోనియాజిడ్ ఇస్తే రోగులు హుషారెక్కినారు. చివరికది దిగులు మందుగా పేరు తెచ్చుకుంది.

మందు మొదలుపెట్టే ముందే, ఇదివరకు దిగులు జబ్బు ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పు. ఇంట్లోవాళ్ళకూ మాత్ర పేరు తెలియాల, ఎందుకంటే నీ ముఖంలో తేడా నీకంటే ముందు వాళ్ళకే కనబడుతుంది. జుట్టు మాత్ర వేసుకునేటప్పుడు మనసు కుంగితే ఆపేసి డాక్టరు దగ్గరికి పో. ప్రోస్టేటు కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్షకు పోతే ఈ మాత్ర సంగతి అక్కడా చెప్పాల, అంకె సగానికి పడిపోతుంది. రక్తదానం చెయ్యాలంటే చివరి మాత్ర వేసుకున్నాక నెల ఆగు. ఆ రక్తం గర్భిణికి ఎక్కితే కడుపులోని మగబిడ్డకు హాని.