పెద్ద టైర్లు వేశాక బండి మాట వినడంలేదా? ఇలా చూసుకోండి

ఈసారి పురుగుల సంగతి కాదు, బండి సంగతి. ఆకు మోసేదీ, చాకీ పురుగుల్ని ఇంటికి తెచ్చేదీ, గూళ్లను మార్కెట్టుకు చేర్చేదీ ఆ బండే కదా.

మా పక్క తోట రైతన్న ఒకాయన వానాకాలంలో పికప్‌కి పెద్ద టైర్లు వేయించాడు. తోట దారి బురదలో బండి దిగబడుతోందని బాధ. "అన్నా, ఇవి వేస్తే బురదలో ఏనుగులా పోతుంది" అన్నాడు టైర్ల షాపతను. అన్నట్టే పోయింది. నెల తిరిగాక గూళ్లు ఎత్తుకొని తెల్లవారుజామున మార్కెట్టుకు పోతుంటే, వాలులో బ్రేకు తొక్కినా బండి అనుకున్న చోట ఆగలేదు. ముందున్న ట్రాక్టరు ట్రాలీకి జానెడు దూరంలో నిలిచింది. పంట, ప్రాణం రెండూ దక్కాయి. ఆ రోజు నుంచి ఆయన అడిగేది ఒకటే: "బ్రేకులు బాగానే ఉన్నాయి గదా, మరి ఎందుకు ఆగలేదు?"

*టైరు పెరిగితే బ్రేకు ఎందుకు తగ్గుతుంది?*

టైరు పక్కన ఉండే అంకెలు చూడండి. 215/75 ఆర్ 15 అంటే వెడల్పు 215 మి.మీ., గోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు. మొత్తం ఎత్తు సుమారు 704 మి.మీ. దాని బదులు 235/75 ఆర్ 15 వేస్తే ఎత్తు 734 అవుతుంది, అంటే 4 శాతం ఎక్కువ. 31 అంగుళాల టైరు వేస్తే 787, దాదాపు 12 శాతం ఎక్కువ.

బ్రేకు పట్టేది చక్రం నడిమధ్య. బండిని ఆపాల్సింది నేలకు ఆనిన అంచు దగ్గర. ఆ రెంటికీ దూరం పెరిగేకొద్దీ అదే తొక్కుడుకు పట్టు తగ్గుతుంది. 31 అంగుళాల టైరుతో ఆ తగ్గుదల సుమారు 10 శాతం. టైరు బరువు కూడా పెరుగుతుంది కాబట్టి, తిరిగే ఆ బరువును ఆపడం బ్రేకుకు ఇంకో పని.

ఇంకో మోసం మీటరులో ఉంది. పెద్ద టైరు ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, ఆ సంగతి మీటరుకు తెలీదు. 31 అంగుళాల టైరుతో మీటరు 60 చూపిస్తే బండి నిజంగా పోయేది 67. ఆ వేగంలో ఆపాల్సిన శక్తి పావు వంతు ఎక్కువ. వేగం ఎక్కువ, పట్టు తక్కువ. ఖాళీ బండిలో ఇది తెలీదు. లోడుతో వాలు దిగేటప్పుడే బయటపడుతుంది.

*ఒక్కొక్కటే ఈ వరసలో చూడండి*

ఒకేసారి అన్నీ విప్పించకండి. ఖర్చు లేనివి ముందు.

1. గాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు నాలుగూ చూడండి. డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్న లెక్క పాత సైజుది, కొత్త సైజుకు ఎంతో టైర్ల షాపులో అడిగి రాసుకోండి. లోడుకు వెనక గాలి ఎక్కువ కావాలి. ముందు రెంటిలో ఒకదానిలో తక్కువున్నా బండి ఆ పక్కకే లాగుతుంది.

2. నట్లు. చక్రాలు మార్చాక 50 నుంచి 100 కిలోమీటర్లలోపు మళ్లీ ఒకసారి బిగించాలి. చాలామంది మరిచేది ఇదే.

3. అదురు. 60, 80 వేగంలో స్టీరింగు అదిరితే బ్యాలెన్సింగు చేయించండి. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే కాలికి కొట్టుకుంటే డిస్కు వంకర పోయిందేమో, డ్రమ్ము గుండ్రం చెడిందేమో చూపించండి.

4. రాపిడి. లోడు ఉన్నప్పుడు స్టీరింగు రెండు పక్కలా చివరిదాకా తిప్పి, దిగి చూడండి. మడ్‌గార్డుకు టైరు తగులుతోందా? ముఖ్యంగా బ్రేకు రబ్బరు పైపుకు తగులుతోందా? తగిలితే బండి కదపొద్దు. ఆ పైపు తెగితే బ్రేకు ఆయిల్ పోతుంది.

5. ఒక పక్కకు లాగడం. ముందు టైర్లు రెంటినీ కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి నడపండి (బాణం గుర్తు ఉన్న టైరైతే వద్దు). లాగే పక్క మారితే తప్పు టైరుది. మారకపోతే అలైన్‌మెంటుది, లేకపోతే ఒక పక్క బ్రేకు పట్టుకొని వదలడంలేదు. కొంత దూరం పోయి ఆపి, చేయి తగలకుండా రిమ్ముల దగ్గర పెట్టి చూడండి. ఒకటి మాత్రం బాగా కాగుతుంటే అక్కడే బ్రేకు పట్టేసింది.

6. తూలడం. ముందు చక్రం జాకీతో లేపి, పైనా కిందా పట్టుకొని ఊపండి. ఆడితే బేరింగు, బాల్ జాయింటు చూపించండి. కుడి ఎడమలు పట్టుకొని ఊపితే ఆడితే టై రాడ్ ఎండ్లు. రిమ్ము బయటికి జరిగిన రకం వేయిస్తే వీటి మీద భారం పెరిగి తొందరగా అరుగుతాయి.

7. బ్రేకు పెడల్. మెత్తగా స్పాంజిలా ఉంటే పైపుల్లో గాలి చేరింది. బాగా కిందికి పోయాక పడితే వెనక లైనర్లు సర్దాలి. తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతే మాస్టర్ సిలిండరు. గట్టిగా ఉండీ ఆగకపోతే బూస్టరు, లైనర్లు చూపించండి. అవీ బాగుంటే తప్పు టైరు సైజుదే.

*కమాన్ కట్టలు పెంచారా?*

పెద్ద టైరు తగులుతోందని వెనక కమాన్ పట్టీలు ఎక్కువ వేయించి బండిని లేపేవాళ్లున్నారు. చాలా పికప్‌లలో వెనక ఇరుసు దగ్గర ఎల్‌ఎస్‌పీవీ అనే బ్రేకు వాల్వు ఉంటుంది. బండి వెనక ఎంత కిందికి దిగిందో చూసి, లోడు ఎంతుందో అది లెక్కగడుతుంది. లేపిన బండి లోడున్నా కిందికి దిగదు, కాబట్టి వాల్వు "ఖాళీ బండి" అనుకొని వెనక బ్రేకు తగ్గిస్తుంది. లోడంతా వెనకే, బ్రేకు మాత్రం ముందే. ఇలా చేయించుంటే వాల్వు లింకును బండి కంపెనీ లెక్క ప్రకారం సర్దించండి, లేదా పట్టీలు తీయించండి.

*మరి ఏం చేయాలి?*

పైవన్నీ సరిగ్గా ఉన్నా ఆగే దూరం ఎక్కువే అనిపిస్తే పాత సైజు టైర్లు మళ్లీ వేసి, ఖాళీ రోడ్డు మీద అదే లోడుతో చూడండి. తేడా మీకే తెలుస్తుంది. మా రైతన్న అదే చేశాడు, పెద్ద టైర్లు అమ్మేశాడు.

బురదకు వేరే దారులున్నాయి. అదే సైజులో లోతు గాడులున్న టైరు వేయండి. తోట మలుపులో రెండు ట్రాలీల గ్రావెల్ పోయించండి. వానరోజు ఆకు రెండు సార్లుగా తెచ్చుకోండి. టైరు కొనేటప్పుడు సైజుతో పాటు బరువు అంకె కూడా చూడండి. వెడల్పుగా కనిపించే కారు టైరు మోసే బరువు పికప్ టైరుకన్నా తక్కువ ఉండొచ్చు. 100 అంకె ఉంటే ఆ టైరు మోసేది 800 కిలోలే.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇన్సూరెన్సు వాళ్లనూ ముందే అడగండి, ప్రమాదం జరిగాక అడిగితే లాభం లేదు.

తొప్పూరు ఘాటు లాంటి వాలుల్లో ఎక్కే గేరులోనే దిగండి, బ్రేకు మీదే కాలు పెట్టుకొని కూర్చోకండి. ఆకు మోపుల మీద కూలీలను ఎక్కించుకోకండి. రెండో జ్వరం దాటిన చాకీ పురుగులు తెచ్చేటప్పుడు, గూళ్లు తీసుకుపోయేటప్పుడు చల్లని పూట బయలుదేరండి, నిదానంగా పోండి. కుదుపులకు లోపల ప్యూపా చితికితే గూడు మరక పడుతుంది, ధర పోతుంది.

వేలంపాటకు పది నిమిషాలు ఆలస్యమైతే కిలోకు కొంచెం తగ్గుతుంది, అంతే. ఇంటికి మాత్రం క్షేమంగా రండి.

మీ బండికి ఇలాంటి ఇబ్బంది వచ్చుంటే టైరు అంకెలు ఫోటో తీసి గుంపులో పెట్టండి, అందరం కలిసి చూద్దాం.