రిజిస్టరు పెళ్ళికి ముప్పై రోజులు

సినిమాల్లో రిజిస్టరు పెళ్ళి అంటే రెండు దండలు, నలుగురు స్నేహితులు, ఓ అరగంట. ముప్పై ఏళ్ళు బ్యాంకులో ఫారాల మధ్య గడిపిన నేనూ అంతే అనుకున్నాను. 2022లో మా అమ్మాయి తమిళ క్రైస్తవుల అబ్బాయిని చేసుకుంటానంది. రెండిళ్ళవాళ్ళం కూర్చుని, ఎవరూ మతం మారనక్కర్లేదు, రిజిస్టరు పెళ్ళి చేద్దామనుకున్నాం. మరునాడే నేను మూడు వారాల తర్వాతి తేదీకి విందు హాలు మాట్లాడి అడ్వాన్సు ఇచ్చేశాను. చట్టం చదివింది ఆ తర్వాత! అడ్వాన్సు పోయింది. మీకు అలా కాకూడదని ఈ నాలుగు మాటలు.

వధూవరుల మతాలు వేరైతే వర్తించేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్ళు నిండాలి. ఇద్దరిలో ఎవరికీ జీవించి ఉన్న భార్య గాని, భర్త గాని ఉండకూడదు. ఇష్టపూర్వకంగా సమ్మతి తెలిపే స్థితిలో ఉండాలి. నిషిద్ధ బంధుత్వం ఉండకూడదు. ఇక్కడ మనవాళ్ళు ఒకటి గమనించాలి. మేనమామ కూతురు, మేనత్త కూతురు, అక్క కూతురు కూడా ఆ పట్టికలో ఉన్నారు. మేనరికం మన ఆచారమే అయినా, ఈ చట్టం కింద చెల్లాలంటే ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించి ఉండాలి.

ఇద్దరూ హిందువులైతే 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకుని నమోదు చేయించుకోవచ్చు. దానికి ముందస్తు నోటీసు లేదు.

ప్రత్యేక చట్టంలో మాత్రం, ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. వయసుకు, చిరునామాకు రుజువులు జతచేయాలి. ఆ నోటీసును కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటిస్తారు. 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అయితే అది పై షరతుల మీదే ఉండాలి. కులం వేరు, మతం వేరు, మాకిష్టం లేదు అంటే చెల్లదు.

అభ్యంతరం ఎవరూ చెప్పలేదు గాని, నోటీసు చూసిన బంధువు ఒకాయన మా ఇంటికి ఫోను చేశాడు. ఎత్తింది మా అమ్మ. ఎనభై దాటిన మనిషి, ఏమంటుందోనన్న భయంతో ఆమెకు చెప్పడం వాయిదా వేస్తూ వచ్చాను. సాయంత్రం నేను ఇంటికి రాగానే, “గోడకు చెప్పినావు, నాకు చెప్పలేకపోయినావా?” అంది. ఆమె బాధ పెళ్ళి గురించి కాదని అప్పుడర్థమైంది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదోనాడు మనవరాలిని పిలిచి, “ఆ అబ్బాయిని ఒకసారి భోజనానికి రమ్మను” అంది. మిగిలిన రోజుల్లో ఆ అబ్బాయి మూడుసార్లు వచ్చాడు.

నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోగా పెళ్ళి జరగాలి, లేకపోతే మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ రోజు ముగ్గురు సాక్షులు కావాలి. వధూవరులు ఒకరినొకరు చట్టసమ్మతంగా స్వీకరిస్తున్నామని, ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా చెప్పవచ్చు. మా అమ్మాయి తెలుగులో చెప్పింది, అబ్బాయి తమిళంలో చెప్పాడు. అబ్బాయి తల్లి, నేను సంతకాలు చేశాక, మూడో సాక్షిగా మా అమ్మ తెలుగులో సంతకం పెట్టింది.

బ్యాంకు మనిషిగా ఒక మాట. మతాంతర వివాహమైతే వారసత్వానికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఆ కుటుంబం నుంచి వేరుపడినట్టు లెక్క. ఆస్తి ఉంటే ముందే న్యాయవాదిని అడగండి. తండ్రిగా ఇంకో మాట. నోటీసు బోర్డు ఎక్కకముందే ఇంట్లో పెద్దవాళ్ళకు మీ నోటితో చెప్పండి.